చలి కాచుకునే మొక్క

అక్కకి,

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తగారు, ఆవులు, కొత్త దూడ అందరూ కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. ఆవుల్ని మనుషుల తర్వాత రాసినందుకు బావ అలుగుతాడేమో. ఆయనకి చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం తిరగేసి చదువు. అసలు ఈ ఉత్తరం ఆయనకి వినిపించాలో వద్దో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

జవాబు ఆలస్యమైంది. ఉత్తరం అందిందా అని నువ్వు ఫోన్లో అడిగితే పోస్టు మీదికి తోసేసి నీళ్ళు నమిలాను. అందింది. ఎప్పుడు అందాలో అప్పుడే అందింది. ఫోన్లోనే చెప్పేద్దామంటే, మోగగానే బావ స్పీకరు పెడతాడు, వెనకనుంచి మీ అత్తగారు "పెళ్ళి సంగతి అడగవే" అంటారు, పిల్లలు నాకివ్వు నాకివ్వు అని లాక్కుంటారు. నీకొక్కదానికే చెప్పాల్సిన మాట ఆ గోలలో చెప్పలేను. నువ్వు పాలు పితికి, చేతులు కడుక్కుని, కొట్టంలో ముక్కాలి పీట మీద కూర్చుని నా ఉత్తరాలు చదువుతావని నాకు తెలుసు. ఇదీ అలాగే చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. దగ్గు తగ్గింది. అది జలుబు వల్ల కాదు, ఎండుగడ్డి నూగు గొంతులో పడటం వల్ల. ఇక్కడ మా అందరికీ ఉంది. గది మారలేదు. కిటికీ తీస్తే వేడిగాలి, మూస్తే ఉక్క, అందుకని సగం తీసి సగం మూసి రెండు బాధలూ పడుతున్నాను. నువ్వు పంపిన టోపీ రోజూ పెట్టుకుంటున్నాను. దాని అంచు ఎంత వెడల్పుగా ఉందంటే, నేను వంగితే మడి మీద నీడ పడుతోందని మా పెద్దాయన గోల. పెద్దాయనంటే మా పనంతా నడిపించే సైంటిస్టు. నీడ పడితే మా లెక్క చెడుతుంది. కాబట్టి నడిచేటప్పుడు టోపీ, పని చేసేటప్పుడు ఎండ.

"మా పిన్ని గడ్డికి హీటరు పెడుతుంది" అని మీ పెద్దది స్కూల్లో చెబితే టీచరు నమ్మలేదని రాశావు. నిజమేనని చెప్పు. ఎవరు విన్నా నవ్వే పనే మాది. ఇక్కడ గడ్డి నేలని మడులుగా విడగొట్టాం. ఒక మడిలో ఒకే రకం గడ్డి ఉంటుంది, ఇంకోదాంట్లో నాలుగు రకాలు, ఆ చివరి మడుల్లో పదహారు రకాలు గడ్డీ పూలమొక్కలూ చిక్కుడు జాతివీ కలిసి గుంపుగా ఉంటాయి. వాటిలో సగం మడుల పైన ఇనుప ఫ్రేములకి హీటర్లు వేలాడదీశాం. ముందు ముందు లోకం ఎంత వేడెక్కుతుందో ఆ వేడి ఇప్పుడే ఇచ్చి, గడ్డి ఏం చేస్తుందో చూడటం మా ఉద్యోగం. హీటర్లు చూసుకునే కరెంటాయన మొదటి రోజు నన్ను అడిగాడు. "మేడం, రేపు రాబోయే కష్టాన్ని ఇవాళే కరెంటు పెట్టి తెచ్చుకుంటున్నామా?" అవునన్నాను. "జీతం ఇస్తున్నారు కాబట్టి సరే" అన్నాడు.

చూడటమంటే ఊరికే చూడటం కాదు. గాజులాంటి పెట్టె ఒకటుంది. దాన్ని మడి మీద బోర్లిస్తే లోపల గాలిలో కార్బన్ పెరుగుతోందా తగ్గుతోందా చెబుతుంది. ఎండలో ఆకు గాలిలోంచి కార్బన్ తీసుకుని ఒళ్ళు పెంచుకుంటుంది. వేళ్ళూ మట్టీ అదే కార్బన్‌ని ఊపిరిలా బయటికి వదులుతుంటాయి. తీసుకున్నది ఎక్కువైతే పెట్టె మైనస్ చూపిస్తుంది, వదిలింది ఎక్కువైతే ప్లస్. లోకమంతా ప్లస్ కోసం పాకులాడుతుంటే మేం మాత్రం మైనస్ చూసి మురిసిపోతాం. ఇంకో చిత్రం, పెట్టె బోర్లించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మనం వదిలేదీ అదే గాలి కాబట్టి, ఒక్క నిట్టూర్పు తగిలినా అంకె తప్పుతుంది. అందుకే మా మడుల దగ్గర ఎవరూ నిట్టూర్చరు. మరీ ఆగలేకపోతే దారి పక్కన ఒక పెద్ద రాయి ఉంది, అక్కడికి వెళ్ళి నిట్టూర్చి రావాలి. "బాధలన్నీ ఇక్కడ దించుకుని లోపలికి దయచెయ్యండి" అని కరెంటాయన కొత్తవాళ్ళకి ఆ రాయి చూపిస్తాడు.

నా పనిలో నాకు నచ్చనిది ఒక్కటే, కలుపు. ఒక్క రకం ఉండాల్సిన మడిలో రెండో రకం మొలిస్తే పీకెయ్యాలి. లేకపోతే అది ఒక్క రకం మడి ఎలా అవుతుంది. పోయిన వేసవిలో హీటరు కింద ఒంటరి గడ్డి మడి ఎర్రబడి, తర్వాత బూడిదైపోతుంటే, పక్క మడుల నుంచి ఏవేవో విత్తనాలు ఎగిరొచ్చి ఆ ఖాళీల్లో మొలిచాయి. వాటి ఆకుల నీడకి మట్టి కాస్త చల్లబడేది, వాటి వేళ్ళకి కాస్త తడి నిలిచేది. సాయానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే మెడ పట్టి గెంటినట్టు నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ పీకాను. నీళ్ళు పొయ్యకూడదు, నీడ పట్టకూడదు. పీకాలి, చూడాలి, అంకె వేసుకోవాలి. ఇప్పుడు ఆ మడి ప్లస్‌లో ఉంది. ఇన్నాళ్ళు మట్టిలో దాచుకున్నది వదిలేసుకుంటోంది.

ఇది చెప్పింది ఊరికే కాదు. ఇక బావ సంగతికి వస్తాను.

మీ ఇంటి వెనక ఆవులు మేసే వాలునేల దున్నించేసి, విత్తనాల కొట్టతను చెప్పిన ఒకే రకం గడ్డి చల్లాలని బావ అనుకుంటున్నాడని రాశావు. మేత రెట్టింపవుతుందని కొట్టతను అరచేతిలో వైకుంఠం చూపించాడట. "నీ చెల్లెలు గడ్డి డాక్టరు కదా, దాన్నొక మాట అడుగు, వద్దంటే మానేస్తా" అని బావ అన్నాడని రాశావు. ఆయన నన్ను గడ్డి డాక్టరని వెక్కిరిస్తూనే నా మాటకోసం ట్రాక్టరు ఆపాడంటే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

దున్నొద్దని చెప్పు. కొట్టతను అబద్ధం చెప్పలేదు, వానలు బాగా పడిన ఏడాది ఆ గడ్డి నిజంగానే విరగబడి పెరుగుతుంది. వేడి ముదిరిన ఏడాది అదంతా ఒకేసారి చతికిలబడుతుంది. మీ వాలు మీద నాకు తెలిసి ముప్పై రకాలున్నాయి. అమ్మకి జబ్బు చేసినప్పుడు మనిల్లు ఎలా ఉండేదో గుర్తుందా. నాన్న అలిసి కూలబడితే నువ్వు లేచేదానివి, నువ్వు పడుకుంటే నేను లేచేదాన్ని, నేను సోలిపోతే పక్కింటి పెద్దమ్మ వచ్చి పొయ్యి వెలిగించేది. ఎవరో ఒకరు మెలకువగా ఉండేవాళ్ళు. మీ వాలు అలాంటి ఇల్లు. పై వేళ్ళవి వాడితే లోతు వేళ్ళవి నిలబడతాయి, ఎండకి కొన్ని ముడుచుకుంటే కొన్ని అప్పుడే పూస్తాయి. పైగా దున్నితే ఆ మట్టిలో ఎన్నో ఏళ్ళుగా చేరింది ఒక్కసారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ చేర్చాలంటే మన తరం చాలదు.

ఇక్కడితో ఆపేసి సంతకం పెట్టేస్తే ఎంత బాగుండేదో. నిన్న అలాగే పెట్టేశాను. కవరుకి జిగురు కూడా రాశాక, మళ్ళీ తీసి చించేశాను. దున్నొద్దని ధైర్యంగా చెప్పి, దున్నకపోతే ఏమవుతుందో చెప్పకుండా ఉంటే, నేనూ ఆ కొట్టతనూ ఒకటే.

ఈ వేసవిలో నేను మీ ఇంటికి తెచ్చిన పెట్టె ఏం చెప్పిందని నువ్వు వరసగా అడుగుతూనే ఉన్నావు. దానికి నేను వాతావరణం గురించీ, టోపీ గురించీ రాస్తూ వచ్చాను.

నేను మీ ఇంటికి రావడానికి ముందు ఇక్కడ వడగాలి పట్టుకుంది. నీకూ గుర్తుండే ఉంటుంది, అప్పుడే మీ బావిలో మోటారు గాలి పీల్చింది. మొదటి ఏడాది మేం హీటర్లు పెట్టి తెచ్చిన వేడి, ఈ ఏడాది హీటర్లు లేని మడులకి దానంతటదే వచ్చేసింది. కరెంటాయన థర్మామీటరు చూసి "ఇంక నా ఉద్యోగం ఎందుకు మేడం, పైనుంచే ఇస్తున్నారు" అన్నాడు. అందరం నవ్వాం. ఆ రోజు పదహారు రకాల మడి మీద, హీటరు కింద ఉన్నదాని మీద, నేను పెట్టె బోర్లించాను. మా అందరికీ ఆ మడి అంటే గొప్ప. ఎన్ని వేసవులొచ్చినా మైనస్ దాటని మడి. చుట్టాలొస్తే ముందు దాన్నే చూపిస్తాం.

ప్లస్ వచ్చింది.

నా ఊపిరి తగిలిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, తగిలి ఉండాలని కోరుకున్నాను. పెద్దాయనకి చెబితే "నీకు దగ్గు కదమ్మా, లే, నేను పెడతాను" అని ఆ వయసులో బోర్లా పడుకుని, బుగ్గలు పూరించుకుని, పెట్టె పెట్టారు. ప్లస్. "మీకు ఆయాసం సార్, ఆగండి" అని కరెంటాయన పెట్టాడు. అతను చిన్నప్పుడు చెరువులో మునిగి పందేలు గెలిచినవాడట, ఊపిరి మీద అతనికి అంత నమ్మకం. మళ్ళీ ప్లస్. ముగ్గురం బడిపిల్లల్లా మొహాలు ఎర్రగా చేసుకుని గడ్డిలో పడుకుని ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయాం. తప్పు మాదేనని నిరూపించుకోవడానికి అంత కష్టపడ్డాం, కుదరలేదు. పెద్దాయన లేచి, బట్టలు దులుపుకుని, దారి పక్క రాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నేను చేరాక ఆయన ఆ రాయి దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి.

తర్వాత వచ్చి, "ఒక్క వేసవి అంకెతో ఏదీ తేల్చలేం. ఎండలు తగ్గితే మళ్ళీ మైనస్‌లోకి రావచ్చు" అన్నారు. అది నిజం. ఆ మాట నీకూ చెబుతున్నాను, గుర్తుపెట్టుకో. కానీ ఆ సాయంత్రమే సెలవు అడిగి, మూలన పడున్న పాత పెట్టె పట్టుకుని నేను మీ ఇంటికి బయల్దేరాను. పిల్లల్ని చూడాలనిపించిందని నీతో అన్నాను. పిల్లల్ని చూడాలని ఉండింది, అది అబద్ధం కాదు. నాకు ఎక్కడైనా ఒక్క మైనస్ చూడాలనీ ఉండింది. హీటరు లేని చోట, మన చోట.

ఆ రోజు నువ్వే ఉన్నావు కదా. నేను పెట్టె బోర్లిస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. బావ "డాక్టరుగారూ, జ్వరమెంత?" అన్నాడు. చిన్నాడు పెట్టెకి మూతి ఆనించి ఆవిరి పట్టించాడు. మచ్చల ఆవు ఎక్కడినుంచో వచ్చి బుస్సుమని ఊదింది. అంకె ప్లస్ వచ్చింది. "ఇంతమంది ఊదితే ప్లస్ రాక ఛస్తుందా, మీ ఆవు చెడగొట్టింది" అన్నాను. అందరూ నవ్వారు, నేను కూడా మనస్ఫూర్తిగానే నవ్వాను. నిందంతా ఆవు మీదికి పోయింది, అదేమీ అనుకోలేదు.

మర్నాడు బావ పాలు పొయ్యడానికి వెళ్ళాడు, పిల్లలు బడికి వెళ్ళారు, నువ్వు కొట్టం కడుగుతున్నావు. ఎండ బాగా ఎక్కాక నేనొక్కదాన్నే పెట్టె తీసుకుని వాలు పైదాకా వెళ్ళాను. మనిషి లేడు, ఆవు లేదు, గాలి కూడా లేదు. ఊపిరి బిగబట్టి పెట్టాను. కొంచెం కిందికి జరిగి మళ్ళీ పెట్టాను. విరిగిన కంచె దగ్గర, పచ్చగా కనిపించిన చోట పెట్టాను. నువ్వు కొట్టంలోంచి చూసి "ఏమే, అలా కొయ్యబారిపోయావు, ఏం చెబుతోంది నీ పెట్టె?" అని కేకేశావు. "బ్యాటరీ అయిపోయిందక్కా" అన్నాను.

బ్యాటరీ అయిపోలేదు. అన్ని చోట్లా ప్లస్సే వచ్చింది. దున్నని, తవ్వని, ముప్పై రకాలు కలిసున్న మీ వాలు ఆ రోజు తీసుకున్నదానికంటే వదిలిందే ఎక్కువ.

ఎందుకు చెప్పలేదని తిట్టు, పడతాను. అప్పటికే బావ మొహంలో మేత గురించి దిగులు కనిపిస్తోంది. నువ్వు నా కంచంలో రెండోసారి వడ్డిస్తూ "నువ్వొచ్చి చూశావు కదా, ఇంక నాకు దిగుల్లేదు" అన్నావు. ఆ మాట విన్నాక కంచం ఖాళీ చేసి, సంచీ సర్దుకున్నాను. బస్సులో కూర్చున్నాక నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాత పెట్టె కదా, దాని మూత కింద సందుంది. మట్టి వాలుగా ఉంది, బయటి గాలి దూరి ఉంటుంది. ఎండలు ఆ వారమే ఎక్కువ. ఇక్కడికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. పెట్టె తుడిచి మళ్ళీ మూలన పెట్టేశాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ అంకె తప్పని గట్టిగా నమ్మాను.

నీ కవరు విప్పితే కాగితాల మధ్య నువ్వు ఒత్తిపెట్టిన రెమ్మ జారి బల్ల మీద పడింది. "వాలు పైన కొత్తగా వచ్చింది, మా అత్తగారైతే ఇన్నేళ్ళలో చూళ్ళేదన్నారు, మీ బావకీ తెలీదు, ఇదేం మొక్క, పీకెయ్యనా ఉంచనా?" అని రాశావు. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చున్నాను. బూడిదరంగు ఆకు, వెనకవైపు నూగు, నలిపితే చేదు వాసన. పేరు చూడక్కర్లేదు, పుస్తకం తియ్యక్కర్లేదు. దాన్ని నేను ఎన్నిసార్లు పీకానో నా వేళ్ళకి తెలుసు.

అది ఎక్కడో చాలా వేడి నేలల్లో బతికే మొక్క. పక్షులు తెచ్చాయో, మా బూట్లకి అంటుకుని వచ్చిందో తెలియదు. మా దగ్గర హీటర్ల కింద మాత్రమే మొలుస్తుంది. ఫ్రేము నీడ దాటి జానెడు ఇవతలికి కూడా రాదు. అందుకే కరెంటాయన దానికి 'చలికాచుకునేవాడు' అని పేరు పెట్టాడు. హీటరు చెడిపోయి కొన్నాళ్ళు ఆగితే అది వాడిపోతుంది. బాగుచేస్తే మళ్ళీ తల ఎత్తుతుంది. ఏ మడిలో హీటరు పనిచేస్తోందో లేదో మీటరు చూడకుండా దాన్ని చూసి చెప్పేస్తాం.

అక్కా, మీ వాలు మీద హీటర్లు లేవు.

కరెంటాయన చేతిలో ఇక్కడ ఒక స్విచ్చు ఉంది. సాయంత్రం అతను ఆపితే మడులు చల్లబడతాయి. నీకు చెప్పడానికి అలాంటిదేమీ నా దగ్గర లేదు. ఇన్నేళ్ళు చదివి, ఇన్ని వేసవులు ఎండలో మోకాళ్ళు అరగదీసుకుని, ఏం జరుగుతుందో ముందే చూడగలిగాను. అంతే. ఆపడం ఎలాగో మాకెవరికీ నేర్పలేదు. ఆవుల్ని ఉంచుకోవాలా, కొన్ని అమ్మేయాలా అని బావ అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నువ్వు చిన్నప్పుడు నన్ను చెరువు గట్టు మీద చెయ్యి పట్టుకుని నడిపించేదానివి. ఇప్పుడు నేను చెయ్యి చాపుతున్నాను గానీ, నడిచే దారి నాకే కనిపించడం లేదు.

అయినా దున్నొద్దని చెప్పు. ఆ మాట మారదు. దున్నితే ఇవాళే పోతుంది, దున్నకపోతే కొంత కాలం నిలుస్తుంది. ఎంత కాలమని అడక్కు. చల్లటి నెలలు వచ్చాక నేను మంచి పెట్టె తీసుకుని వస్తాను. ఈసారి బ్యాటరీ గురించి అబద్ధమాడను. ఏం వచ్చినా నీ ముందే చదువుతాను.

ఇక నువ్వడిగిన ఆఖరి ప్రశ్న. ఆ మొక్కని పీకకు. ఇక్కడైతే పీకడం నా ఉద్యోగం, అక్కడ మనకా నియమం లేదు. మిగిలినవన్నీ వాడిపోయిన రోజున ఆ వాలు మీద మెలకువగా ఉండేది అదొక్కటే కావచ్చు. ఒక్క పని చేసిపెట్టు. మా దగ్గర ఆవుల్లేవు, అందుకని మా పెద్దాయనకి కూడా ఇది తెలియదు. మచ్చల ఆవు వాలు మీదికి వెళ్ళినప్పుడు వెనకాలే వెళ్ళి, అది ఆ మొక్కని తింటోందో, వాసన చూసి వదిలేస్తోందో చూసి నాకు రాయి.

ఇట్లు,
మందు తెలియని మీ గడ్డి డాక్టరు,
నీ చెల్లెలు.